చిత్త కార్తె, చిత్తా మళె

మాది కోలారు వైపు. బడి చదువంతా కన్నడలోనే సాగింది. అక్టోబరులో పడే వానని బడిలో ‘చిత్తా మళె’ అనేవారు, ఇంటికొస్తే మా అవ్వ ‘చిత్త కార్తె’ అనేది. రెండూ ఒకే నక్షత్రం పేరని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చైత్ర మాసానికి ఆ పేరొచ్చిందీ దాని వల్లే. ఆ నెల పున్నమినాడు చంద్రుడు చిత్త దగ్గర ఉంటాడు.

తమాషా ఏమంటే, చిత్త కార్తెలో చిత్త కనబడదు. అప్పుడు సూర్యుడు దాని పక్కనే ఉంటాడు. చూడాలంటే ఏప్రిల్, మే రాత్రులే మంచివి. సప్తర్షుల తోక వంపు వెంబడి పోతే నారింజ రంగు స్వాతి, అదే దారిలో ఇంకా ముందుకెళ్తే నీలి తెలుపు చిత్త. సుమారు 250 కాంతి సంవత్సరాల దూరం. నిజానికవి రెండు నక్షత్రాలు, నాలుగు రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. పెద్దదాని పైభాగం వేడి 20,000 డిగ్రీలు దాటుతుంది. సూర్యుడిది 5,500 మాత్రమే. ఆ వేడి వల్లే నీలి రంగు.

క్రీ.పూ. 2వ శతాబ్దంలో గ్రీకు దేశపు హిప్పార్కస్ చిత్త స్థానం కొలిచాడు. సుమారు 150 ఏళ్ల కిందట టిమోకారిస్ కొలిచినదానికీ దీనికీ 2 డిగ్రీల తేడా వచ్చింది. మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఇలాంటి తేడా వస్తే పాత లెక్కే తప్పని కొట్టేయడం ఎంత సులువో మాకు తెలుసు. ఆయన అలా చేయలేదు. విషువత్తే మెల్లగా జరుగుతోందని గ్రహించాడు. సుమారు 72 ఏళ్లకి 1 డిగ్రీ. అంటే ఆ లోపు మన కార్తెలు రుతువులకి ఒకరోజు వెనకబడతాయి.

స్వతంత్రం వచ్చాక దేశంలో సుమారు 30 రకాల పంచాంగాలు నడుస్తుండేవి. వాటిని పరిశీలించడానికి 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన సంఘం వేశారు. నక్షత్రపు వెలుగుని బట్టి దాని వేడిని అంచనా వేయడానికి దారి చూపిన సూత్రం 1920లో ఇచ్చింది ఈయనే. 1955 నివేదికలో ఆ సంఘం చిత్తనే గుర్తురాయిగా తీసుకుని, 1956 మార్చి 21కి అయనాంశ 23 డిగ్రీల 15 నిమిషాలని నిర్ణయించింది. నేటి పంచాంగాలు చాలావరకు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

మా పిల్లలకి ఫోను ‘స్పైకా’ అని చూపిస్తోంది. అది తప్పేమీ కాదు. కానీ చైత్ర పున్నమికి మిద్దెక్కించి, చంద్రుడి దగ్గరున్న ఆ నీలి చుక్కని చూపించి, ఇదే అవ్వ చెప్పిన చిత్త అనాల్సింది మేమే.