పితూరీ

తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ కాంపౌండు గోడకి అవతల నాలుగు తాటిచెట్లు మిగిలాయి. పొద్దున్నే ఒకాయన మోకు వేసుకుని ఎక్కుతాడు. దిగాక అక్కడే లొట్టి ముందు పెట్టుకుని కల్లు అమ్ముతాడు. ఆయన్ని అక్కణ్నుంచి పంపించెయ్యాలని పోయినేడు మా అసోసియేషన్‌లో ఒక అర్జీ తిరిగింది. నేనూ సంతకం పెట్టాను. పెద్దగా ఆలోచించలేదు, అందరూ పెడుతున్నారు కదా అని. అదే నెలలో రంప పితూరీ గురించి చదవడం మొదలుపెట్టాను.

పితూరీ అంటే మనకిప్పుడు టీచర్‌కి చెప్పే చాడీ. 19వ శతాబ్దపు గోదావరి మన్యంలో అదే మాటకి తిరుగుబాటు అని అర్థం. ముఠా కూడా అంతే. ఇవాళ దొంగలకే వాడుతున్నాం గానీ, అప్పుడు ముఠా అంటే కొన్ని ఊళ్ల గుంపు, దాని పెద్ద ముఠాదారు. ఓడిపోయిన వాళ్ల మాటలు ఇలా చిన్నవైపోతాయేమో.

రంప అనగానే మనకి 1922, అల్లూరి సీతారామరాజు, సినిమాలు గుర్తొస్తాయి. దానికి నలభై మూడేళ్ల ముందు, 1879 మార్చిలో జరిగిన తిరుగుబాటుకి అంత పోస్టర్ లేదు. అది మొదలైంది కల్లు దగ్గర.

కొండల్లో జీలుగు, తాటి కల్లు సరదా కోసం తాగేది కాదు. ఎండాకాలం తిండి గింజలు అయిపోయాక కడుపు నింపేది అదే. మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నియమాలు తెచ్చి, ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడం కూడా కుదరదంది. గుత్త మన్సబుదారు చేతికి పోయింది. ఆయన కింద గుత్తేదార్లు. పైగా మన్సబుదారు సొంతంగా చిగురుపన్ను అని ఇంకొకటి వేశాడు. ఇవి చాలక, మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అప్పు పత్రాలు పట్టుకుని కోర్టుకెళ్లేవాళ్లు. కొండమనిషికి కోర్టంటే ఏంటో తెలియకుండానే డిక్రీ వచ్చేసేది, పశువులూ ధాన్యమూ జప్తు అయిపోయేవి.

ఇందులో తెల్లవాడు ఎక్కడో పైన ఉన్నాడు. రోజూ ఎదురుపడేది మాత్రం మన్సబుదారు మనిషి, గుత్తేదారు, షావుకారు, పోలీసు జవాను. అందరూ దాదాపు మనవాళ్లే. అందుకే మొదటి దెబ్బ పోలీసుల మీద పడింది. తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటి నాయకుల వెనక తిరుగుబాటు భద్రాచలం వైపూ గొలుగొండ కొండల్లోకీ పాకింది. అణచడానికి మద్రాసు సైన్యంతోపాటు హైదరాబాద్ కంటింజెంట్ సిపాయిలూ వెళ్లారు. 1880లో ఆ నాయకులిద్దరూ చనిపోయారు.

ఆ తర్వాత ప్రభుత్వం చేసిన పని నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. మన్సబుదారుని తీసేసి, ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. అంటే తిరగబడ్డ వాళ్లలో కొంచెం ఎత్తులో ఉన్నవాళ్లని తన వైపు లాక్కుంది.

ఈ ఎత్తు కొత్తది కాదు. 1676లో వర్జీనియాలో నథానియెల్ బేకన్ అనే భూస్వామి గవర్నర్ మీద తిరగబడ్డాడు. వెట్టి ఒప్పందాల మీద వచ్చిన తెల్ల కూలీలూ, నల్ల బానిసలూ కలిసి ఆయన వెనక నడిచారు. జేమ్స్‌టౌన్‌ని తగలబెట్టారు. (ఆ సైన్యమే స్థానిక ఇండియన్ తెగలని ఊచకోత కోసిందని కూడా చెప్పుకోవాలి. తిరుగుబాటు చేసినంత మాత్రాన ఎవరూ పవిత్రులైపోరు.) బేకన్ జబ్బుచేసి పోయాడు, అంతా చల్లారింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో చట్టాలు పేద తెల్లవాడికి నల్లవాడి కంటే ఒక మెట్టు పైన చోటిచ్చాయి. 1705 నాటికి బానిస చట్టం పక్కాగా తయారైంది. ఆ ఇద్దరూ మళ్లీ కలవకుండా ఆ ఒక్క మెట్టు సరిపోయిందని ఎడ్మండ్ మోర్గాన్ లాంటి చరిత్రకారుల వాదన.

మన్యంలో మాత్రం ఆ మెట్టు ఎక్కువ కాలం నిలబడలేదు. 1882 అటవీ చట్టం వచ్చాక పోడుకి అడ్డంకులు పెరిగాయి. రోడ్ల పనికి కూలి సరిగ్గా ఇవ్వకుండా వాడుకున్నారు. ముఠాదార్ల అధికారమూ కరిగిపోతూ వచ్చింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడులు జరిగినప్పుడు, సీతారామరాజు పక్కనున్న గాం గంటం దొర పదవి పోగొట్టుకున్న మనిషే. అంటే రాజ్యం ఒకప్పుడు మంచి చేసుకున్న వర్గమే తిరిగొచ్చింది. మనం సినిమాలో ఒక్క వీరుణ్ని చూస్తాం కాబట్టి ఈ లెక్క కనపడదు.

చదవడం అయ్యేసరికి నన్ను తొలిచిన ప్రశ్న వీరుడి గురించి కాదు. ఈ కథలో నేనెవర్ని? గుత్తేదారునా? డిక్రీ రాసిన గుమాస్తానా? ఎక్కడో మధ్యలో, ఒక మెట్టు పైన కూర్చుని సంతకం పెట్టేవాణ్ని. ఇలాంటి వ్యవస్థలు చాలావరకు నడిచేది నాలాంటి వాళ్ల సంతకాల మీదే.

సెక్రటరీకి మెయిల్ పెట్టి నా సంతకం వెనక్కి తీసుకున్నాను. దానివల్ల ఏమీ ఆగలేదు. అర్జీకి నా పేరు లేకుండానే సరిపడా పేర్లున్నాయి. పోయిన ఆదివారం చూస్తే రెండు చెట్లే మిగిలాయి. ఆయన ఇంకా వస్తున్నాడు.