ఆరు ధ్వనులు - రెండు దారులు

చీకటిలో ఎవరైనా పిలిచినచో, వారు ఏ దిక్కున ఉన్నారో చూడకయే చెప్పగలము. ఎడమవైపు నుండి వచ్చు ధ్వని ఎడమ చెవికి ముందుగాను, కుడి చెవికి కొంచెము ఆలస్యముగాను చేరును. తల వెడల్పు తక్కువ. గాలిలో ధ్వని వేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. కాబట్టి ఈ ఆలస్యము సెకనులో వెయ్యవ వంతుకంటెను తక్కువగా ఉండును. అంత స్వల్పమైన తేడాను మెదడు పట్టుకొని దిక్కును నిర్ణయించుచున్నది. హెచ్చు స్థాయి ధ్వనులకు తల అడ్డుపడి ఒక చెవికి నీడ కల్పించుట కూడ దీనికి తోడగును. 1907 లో లార్డు రాలే ఈ రెండు కారణములను విడదీసి వివరించెను.

ఒకే లౌడ్‌స్పీకరు నుండి ఎంత చక్కని పాట వినిపించినను, పక్క గదిలో జరుగు కచేరీని తలుపు సందులోనుండి విన్నట్లే ఉండును. ఈ లోపమును సవరించుటకు నూరేండ్లకు పైగా జరిగిన ప్రయత్నములను చూచినచో ఒక చిత్రమైన సంగతి కనబడును. ధ్వనిని నాలుగు చోట్ల పట్టుట పెద్ద కష్టము కాలేదు. నాలుగు మూలల నుండి వినిపించుటయు కష్టము కాలేదు. కష్టమంతయు మధ్యనున్న దారితోనే వచ్చినది. గ్రామఫోను గాడి, ఫిల్ము అంచు, చివరకు కంప్యూటరు వెనుకనున్న సన్నని తీగ, అన్నియు ఇరుకు దారులే.

1881 లో పారిస్ నగరమున జరిగిన విద్యుత్ ప్రదర్శనములో క్లెమాన్ ఆదేర్ అను ఇంజనీరు ఈ దారిని మొదటిసారి రెండుగా చేసెను. నాటకశాల వేదిక ముందు టెలిఫోను యంత్రములను వరుసగా అమర్చి, ప్రదర్శనశాలలోని శ్రోతకు ఒక్కొక్క చెవికి వేరువేరు తీగ అందించెను. గాయకుడు వేదికపై అటునుండి ఇటు నడచుట శ్రోతలకు వినుటలోనే తెలిసినది. ఉపాయము చక్కనిదే కాని, ఒక్కొక్క శ్రోతకు రెండేసి తీగలు కావలసివచ్చెను.

ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. సంస్థలో పనిచేయుచుండిన అలన్ బ్లమ్‌లైన్ ఒకనాడు భార్యతో సినిమాకు వెళ్లెనట. తెరమీద మనిషి ఒక పక్కనుండగా మాట మరొక పక్కనున్న స్పీకరు నుండి వచ్చుట అతనికి నచ్చలేదు. 1931 డిసెంబరులో అతడు పేటెంటుకై సమర్పించిన పత్రములో నేటి స్టీరియో విద్య అంతయు ఇంచుమించుగా ఉన్నది. ఒకే గాడిలో రెండు ధ్వనులను చెక్కుట కూడ అందులోనిదే. గాడి యొక్క రెండు గోడలు నిలువుకు చెరి 45 డిగ్రీలు వంగి ఉండును. ఒక గోడపై ఎడమ ధ్వని, రెండవ గోడపై కుడి ధ్వని. అప్పుడు సూది పక్కలకు కదలుటలో ఎడమ కుడి ధ్వనుల మొత్తమును, పైకి క్రిందికి కదలుటలో వాని తేడాయు ఉండును. కూడిక, తీసివేత - ఈ రెండు మాటలను పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ మరల వీనివద్దకే వచ్చును. స్టీరియో రికార్డులు అంగడికి వచ్చినది 1957-58 ప్రాంతమున. బ్లమ్‌లైన్ వానిని చూడలేదు. 1942 జూన్ 7 న రాడారు పరీక్ష కొరకు ఎక్కిన విమానము కూలి అతడు మరణించెను. అప్పటికతనికి 38 ఏండ్లు.

అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు 1933 ఏప్రిల్ 27 న ఫిలడెల్ఫియా వాద్యబృందపు కచేరీని మూడు టెలిఫోను లైన్లపై వాషింగ్టనుకు పంపిరి. సంచాలకుడు స్టొకోవ్‌స్కీ ఆ రాత్రి తన బృందముతో లేడు. వాషింగ్టనులో కూర్చుండి ధ్వని హెచ్చుతగ్గులను సవరించుచుండెను. ఆయనయే 1940 లో డిస్నీ వారి 'ఫాంటేసియా' చిత్రమునకు సంగీతము నడిపెను. దాని ధ్వనులకు బొమ్మల ఫిల్ములో చోటు చాలక, ప్రత్యేకముగా మరొక ఫిల్మును జతగా నడిపిరి. ఖర్చు విపరీతము. కొద్ది నగరములలో తప్ప ఆ విధముగా ప్రదర్శింపలేకపోయిరి. 1952 లో సినెరామా ఏడు ట్రాకుల అయస్కాంత ఫిల్మును, 1953 లో సినిమాస్కోప్ నాలుగు ట్రాకులను తెచ్చినవి. తరువాత వచ్చిన 70 ఎం.ఎం. ఫిల్ముపై ఆరు ట్రాకులు పట్టెడివి. తెలుగులో మొదటి 70 ఎం.ఎం. చిత్రము 'సింహాసనం' 1986 లో విడుదలయినది. అయితే అట్టి ప్రింట్లు మిక్కిలి ఖరీదైనవి. వానికి తగిన యంత్రములున్న హాళ్లు కొన్నియే.

సామాన్యమైన 35 ఎం.ఎం. ఫిల్ముకు ఏమి దారి? ఇక్కడ రే డాల్బీ పేరు వచ్చును. ఈయన 1963 నుండి 1965 వరకు యునెస్కో సలహాదారుగా మన దేశములోనే ఉండి, 1965 లో లండనులో తన ప్రయోగశాలను స్థాపించెను. 1970 తరువాత ఆ సంస్థ చేసిన పని యేమనగా, ఫిల్ము అంచున ఉన్న చోటులో రెండు ట్రాకులు మాత్రమే ముద్రించి, వానిలో నాలుగు ధ్వనులను ఇముడ్చుట. 1977 లో వచ్చిన 'స్టార్ వార్స్' ఈ పద్ధతిని లోకమునకు చాటినది.

రెండింటిలో నాలుగు ఎట్లు ఇమిడెను? తరగతి గదిలో నల్లబల్లపై చూపదగిన లెక్క ఇది. మధ్యనుండి వినిపింపవలసిన సంభాషణను రెండు ట్రాకులలోను సమానముగా, +1, +1 గా వేసిరి. వెనుకనుండి వినిపింపవలసిన ధ్వనిని ఒకదానిలో +1 గాను, రెండవదానిలో తలక్రిందుగా -1 గాను వేసిరి. హాలులో రెండు ట్రాకులను కూడినచో సంభాషణ 2 అగును, వెనుక ధ్వని సున్న అగును. తీసివేసినచో సంభాషణ సున్న, వెనుక ధ్వని 2. నిజమైన యంత్రములో దశలను 90 డిగ్రీల చొప్పున జరుపుదురు గాని, సారాంశము ఇదియే. బ్లమ్‌లైన్ గాడిలోని కూడిక, తీసివేతలే మరల పనికివచ్చినవి.

ఈ లెక్కలో ఒక మోసమున్నది. కేవలము ఎడమ ట్రాకులోనే ఉన్న వీణ సంగతి ఏమి? కూడినను 1, తీసివేసినను 1. అనగా వీణ ముందుకును పోవును, వెనుకకును కారును. దీనిని కప్పిపుచ్చుటకు చెవి స్వభావమునే వాడుకొనిరి. ఒకే ధ్వని రెండు చోట్ల నుండి కొద్ది తేడాతో వచ్చినచో, చెవి దానిని మొదట వచ్చిన చోటునకే అంటగట్టునని 1949 లో జర్మనీలో హెల్ముట్ హాస్ చూపెను. అందుచేత వెనుక స్పీకర్లకు పోవు ధ్వనిని సెకనులో యాభయవ వంతు ఆలస్యము చేసిరి. కారిన వీణ కారుచునే ఉన్నది, కాని శ్రోతకు అది ముందునుండే వినబడును. 1982 నుండి ఇదే పద్ధతి ఇండ్లలోని వీడియో టేపులకు వచ్చెను. 1987 లో వచ్చిన 'ప్రో లాజిక్' కారుటను మరింత తగ్గించెను. అంతకు ముందు 1970-80 మధ్య గ్రామఫోను కంపెనీలు నాలుగు స్పీకర్ల రికార్డులని బయలుదేరి, ఒకరి రికార్డు మరొకరి యంత్రములో సరిగా పలుకక, అందరు కలిసి నష్టపోయిన సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

సంఖ్యల రూపములో ధ్వనిని వ్రాయు విద్య వచ్చినపిమ్మట కారుట పోయినది గాని ఇరుకు పోలేదు. 1992 లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్' ఫిల్ముపై డాల్బీ వారు పళ్లచక్రపు రంధ్రముల నడుమనున్న ఖాళీలో చుక్కల గళ్లుగా ఆరు ఛానెళ్లను ముద్రించిరి. మరుసటి ఏడు 'జురాసిక్ పార్క్' చిత్రమునకు డి.టి.ఎస్. వారు ఫిల్ముపై కాలసంకేతమును మాత్రముంచి, ధ్వనిని వేరే కాంపాక్టు డిస్కులలో పెట్టిరి. ఐదు పూర్తి ఛానెళ్లు, లోతైన శబ్దములకు మాత్రమే పరిమితమైన ఆరవది. అందుచేతనే దీనికి 5.1 అని పేరు.

డి.వి.డి. వచ్చి, దానిని నడుపు పరికరము ఇంటి కంప్యూటరులో చేరిన తరువాత సినిమా హాలు ధ్వని ఇంటికి రావచ్చునను ఆశ కలిగెను. ఒక చిన్న గుణకారము చేసి చూడవలెను. ఒక ఛానెలుకు సెకనుకు 48,000 కొలతలు, కొలతకు 16 బిట్లు. ఆరింటిని సమానముగా లెక్కించినచో సెకనుకు 46,08,000 బిట్లు. కంప్యూటరు నుండి ఆంప్లిఫయరుకు పోవు సోనీ, ఫిలిప్స్ వారి డిజిటల్ తీగ రెండు ఛానెళ్లకే ఉద్దేశింపబడినది; ఈ వేగమున అందులో పట్టునది 15,36,000 బిట్లు. డి.వి.డి.లోని డాల్బీ ధ్వని చెవికి అందని అంశములను వదలి 4,48,000 బిట్లకు లోపుగా కుదింపబడి ఉండును గనుక, ఆ మూటను విప్పకయే తీగలో పంపి, ఆంప్లిఫయరులో విప్పుట సాధ్యమైనది.

కాని ఆ మూటను దారిలో ఎవ్వరును తాకరాదు. సంగీతమనుకొని కంప్యూటరు దాని ధ్వనిని కాస్త తగ్గించినను, ఇతర శబ్దములతో కలిపినను అంకెలు మారి అంతయు పాడగును. మూట అని తెలియని ఆంప్లిఫయరుకు అందినచో స్పీకరు నుండి వచ్చునది హోరు మాత్రమే. ఇంటిలో సినిమా కంప్యూటరును అమర్చుకొనిన తొలితరమువారు ఈ హోరును బాగుగా ఎరుగుదురు. కంప్యూటరు ఆటలకు మరొక చిక్కు. ఆటలోని ధ్వని ముందుగా కుదింపబడి ఉండదు. ఆటగాడు తలుపు తీసినప్పుడే పుట్టును. దానిని అప్పటికప్పుడు కుదించు చిప్పును ఎన్‌విడియా వారు 2001 లో తమ ఎన్‌ఫోర్స్ బోర్డులో పెట్టువరకు ఆరు ఛానెళ్ల ఆట ఆ తీగలో పోలేదు. మూడు రంగుల సాకెట్ల నుండి మూడు జతల తీగలు లాగుట రెండవ మార్గము. అందులో ఇరుకు లేదు; అయితే పెట్టెలోపలి ఫ్యాన్లు, విద్యుత్ సరఫరా చేయు గుసగుసలు ఆ తీగలెక్కి స్పీకర్లకు చేరెడివి.

ఇరుకు నిజముగా తీరినది హెచ్.డి.ఎం.ఐ. తీగతో. 2002 డిసెంబరులో వచ్చిన దాని మొదటి రూపమే ఎనిమిది ఛానెళ్లను మోయగలిగినది; 2006 నాటి 1.3 రూపము ఏమియు వదలక కుదించిన కొత్త ధ్వనులను మూటగానే మోయుటకు అంగీకరించెను. అదే ఏట వచ్చిన బ్లూ-రే డిస్కులలో అట్టి ధ్వని ఉన్నది. దారి వెడల్పైన వేళ దారికి తాళము పడినది! నకళ్లు తీయుదురను భయముతో, రక్షణ గల మార్గము లేని కంప్యూటరులో ఆ ధ్వనిని డి.వి.డి. స్థాయికి తగ్గించి మాత్రమే పలికించునట్లు సాఫ్టువేరును కట్టడి చేసిరి. డిస్కును డబ్బిచ్చి కొన్నవాడు అందులోని పూర్తి ధ్వనిని తన కంప్యూటరునుండి వినలేకపోవుట న్యాయమని చెప్పుట కష్టము. 2009 సెప్టెంబరులో వచ్చిన ఎ.ఎం.డి. వారి రేడియాన్ 5800 వరుస కార్డులు ఆ తాళమునకు తగిన చెవితో వచ్చి, మూటను మూటగా ఆంప్లిఫయరుకు అందించినవి. సాధారణ గ్రాఫిక్సు కార్డులలో ఇవియే మొదటివి. మరుసటి ఏడు ఇతర కంపెనీలవియు వచ్చినవి.

ఇక మిగిలినది గది. ముందు స్పీకర్లు శ్రోతకు చెరి 30 డిగ్రీల కోణములోను, వెనుకవి 100 నుండి 120 డిగ్రీల మధ్యను, అన్నియు సమాన దూరములోను ఉండవలెనని అంతర్జాతీయ సిఫారసు. మంచము, బీరువా ఉన్న గదిలో ఇది కుదురుట అరుదు. ఒక స్పీకరు ఒక మీటరు దగ్గరగా ఉన్నచో దాని ధ్వని సెకనులో వెయ్యింట మూడు వంతులు ముందుగా చేరి, చెవి అంతటిని ఆ వైపునకే లాగికొనును. అందుచేత టేపుతో దూరములు కొలిచి ఆంప్లిఫయరులో నమోదు చేయుదురు. అది దగ్గరి స్పీకరును ఆ మేరకు ఆపి పలికించును.