తాళం వేసిన తెలుగు అక్షరం

సాఫ్ట్‌వేర్ 1984 సవరణతోనే కాపీరైట్ చట్టం కిందికి వచ్చింది. దొంగ కాపీని తెలిసి వాడితే కనీసం ఏడు రోజుల జైలు అన్న 63బి సెక్షన్ 1995లో అమల్లోకి వచ్చింది. కానీ ఆ రోజుల్లో తిరుపతి, చిత్తూరు డీటీపీ సెంటర్లలో అసలు కాపలా చట్టం కాదు, ‘లాక్’. కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకు తగిలించే అగ్గిపెట్టెంత ముక్క అది. అది లేనిదే కొన్ని తెలుగు ప్యాకేజీలు తెరుచుకునేవి కావు.

ఫాంట్లకు మాత్రం ఆ కట్టడి నిలవలేదు. అను, శ్రీలిపి వంటి తెలుగు ప్యాకేజీల్లో ఎవరి కోడింగ్ వారిదే. ఒక చోట కూర్చిన పెళ్లిపత్రిక ఆ ఫాంటు లేని చోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. అందుకే ఫ్లాపీలో పత్రికతోపాటు ఫాంటూ చేతులు మారేది. దీన్ని దొంగబుద్ధి అనేకన్నా గతిలేనితనం అనడమే న్యాయం.

అన్ని ఫాంట్లకూ ఒకే కోడింగ్ తెచ్చిన యూనికోడ్ ఆ అవసరాన్నే తీసేసింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరున్న ఫాంటు నేడు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతుంది. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, పంచుకోవచ్చు.