వసీయత్‌లో లేని ఆడబిడ్డ

తండ్రి వీలునామాలో కూతురి పేరు లేకపోతే ఏమవుతుంది? హిందువుల్లో 1956 వారసత్వ చట్టం తండ్రికి తన స్వార్జితాన్ని ఇష్టమొచ్చినట్టు రాసే హక్కిచ్చింది. మా దగ్గర అది చెల్లదు. అప్పులు, కఫన్ దఫన్ ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో మూడో వంతు మించి వసీయత్ రాయడానికి వీల్లేదు. హనఫీ న్యాయంలో అదీ బయటివాళ్ళకే. మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప ఒక వారసుడికి రాసింది నిలవదు. కొడుకు వాటాలో సగమే అయినా కూతురి వాటా ఖురాన్‌లోనే ఉంది. దాన్ని కొట్టెయ్యడం ఏ అబ్బాజాన్ తరమూ కాదు.

ఈ వాటా అడిగితే వచ్చింది. 625లో ఉహుద్ యుద్ధంలో సాద్ బిన్ రబీ చనిపోతే తోడబుట్టినవాడు ఆస్తంతా పట్టుకుపోయాడు. భార్య ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ప్రవక్త దగ్గరికెళ్ళి నిలదీసింది. పిల్లలకు మూడింట రెండు వంతులు, ఆమెకు ఎనిమిదో వంతు, మిగిలిందే అతనికని తీర్పయింది. మా మౌల్వీలు ఈ సంగతి ఎన్ని జుమ్మాల్లో చెప్పారో!

మరి పోగొట్టుకున్నదెట్లా? మొదట ఆచారం పేరుతో. 1847లో బొంబాయి ఖోజా ఆడబిడ్డలు ఖురాన్ వాటా అడిగితే ఎర్స్‌కిన్ పెర్రీ అనే ఇంగ్లీషు జడ్జి ఆచారానిదే పైచేయి అన్నాడు. 1937 షరియత్ చట్టం ఆచారాన్ని పక్కకు నెట్టింది గానీ వ్యవసాయ భూమిని వదిలేసింది. మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపు తీసేసింది.

తర్వాత హిబా. వసీయత్ మనిషి పోయాక పనిచేసే కాగితం, హిబా బతికుండగా ఇచ్చే దానం. దానికి మూడో వంతు హద్దు లేదు. ఇస్తున్నాననడం, పుచ్చుకోవడం, కబ్జా అప్పగించడం ఉంటే చాలు. విశాఖపట్నంలో ఒక తండ్రి 1968లో ఒక్క కొడుక్కి హిబానామా రాసి ఆ ఏడే కన్నుమూశాడు. మిగతా కొడుకులూ కూతుళ్ళూ పంపకానికి దావా వేశారు. కింది కోర్టులో ఓడారు, హైకోర్టులో గెలిచారు, 2011లో సుప్రీంకోర్టులో మళ్ళీ ఓడారు. రిజిస్టరు కాలేదన్న వాదన నిలవలేదు.

1985 షాబానో తీర్పు తర్వాత దేశమంతా మా తలాక్ గురించే మాట్లాడింది. మేమూ దానికే జవాబులు చెబుతూ కూర్చున్నాం. 'జహేజ్ ఇచ్చాం కదా' అని తర్కా లెక్క మూసేసిన ఇళ్ళు మాలో తక్కువేం కాదు. జహేజ్‌కీ తర్కాకీ షరియత్‌లో చుట్టరికమే లేదు.

దావా వేసే ఆడబిడ్డ తేల్చుకోవాల్సింది కబ్జా ఎప్పుడు మారిందని. ఆ తేదీ తర్వాత ఇంటి పన్ను ఎవరి పేర కట్టారు, అద్దె ఎవరు తీసుకున్నారు? మరజుల్ మౌత్‌లో, అంటే చావు జబ్బులో ఇచ్చిందైతే హిబాకీ వసీయత్ కట్టుబాట్లే వర్తిస్తాయి. డాక్టరు చీటీలూ ఆస్పత్రి తేదీలూ అక్కడే అక్కరకొస్తాయి.