రుఖా, కాతిబ్, టెంప్లేట్: ముందే చేసిపెట్టే మెహనత్ తారీఖ్

మన ఇళ్లలో షాదీ రుఖా అచ్చు వేయించినప్పుడు ఒక సంగతి గమనించే ఉంటారు. మజ్మూన్ అంతా అచ్చులో ఉంటుంది, మెహమాన్ పేరు రాసే చోట మాత్రం ఖాళీ. నాలుగు వందల మందిని దావత్‌కు పిలవాలంటే నాలుగు వందల సార్లు అదే ఇబారత్ రాయం కదా. వెబ్ పేజీల దునియాలో ఇలా ఖాళీలు వదిలిన నమూనాను టెంప్లేట్ అంటారు. ఆ నమూనాను ఎవరు, ఎప్పుడు సిద్ధం చేయాలన్నది పెద్ద సవాలే. కంప్యూటర్ రాకముందే మన ఉర్దూ ఛాపాఖానాలు ఇలాంటి సవాల్‌నే ఎదుర్కొన్నాయి.

నస్తాలీఖ్ ఖత్‌లో హర్ఫ్ ఒంటరిగా నిలబడదు. పక్కన ఏ హర్ఫ్ వచ్చిందో చూసుకుని షకల్ మార్చుకుంటుంది. లఫ్జ్ మొత్తం కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది. సీసపు అచ్చు ముక్కలు పేర్చి ఆ అందం తేవడం చాలా ముష్కిల్. అందుకే ఉర్దూ అఖ్బార్లు చాలాకాలం కాతిబ్ చేతిరాత మీద, లితో రాయి మీద బతికాయి. 1927లో మద్రాసులో మొదలైన 'ముసల్మాన్' కంప్యూటర్ల జమానాలోనూ కాతిబుల చేతే పేజీలు రాయించింది. ఆ కితాబత్‌లో ఎంతో హుస్న్ ఉంది, కానీ ప్రతిరోజూ మెహనత్ మళ్లీ మొదటి నుంచే.

దీన్ని మార్చినవారు పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్. ఒక్కో హర్ఫ్‌ను అప్పటికప్పుడు కలపడం కష్టమైతే, కలిసిన రూపాలనే ముందుగా తయారుచేసి మెషీన్‌లో ఎందుకు పెట్టకూడదు? ఆయన ఆలోచన ఇదే. దాదాపు 20,000 జోడింపులు సిద్ధం చేసి, బ్రిటన్‌లోని మోనోటైప్ కంపెనీ యంత్రాల్లోకి ఎక్కించారు. వాలిద్ నూర్ అహ్మద్ పేరు మీద ఆ ఖత్‌కు నూరీ నస్తాలీఖ్ అని పేరు పెట్టారు. 1981లో లాహోర్ 'జంగ్' అఖ్బార్ ఆ ఖత్‌లోనే వచ్చింది. 1994లో ఢిల్లీకి చెందిన కంపెనీ ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ తెచ్చాక మామూలు కంప్యూటర్ మీదే ఉర్దూ పేజీ కూర్చడం ఆసాన్ అయింది. ఒకరు ఒక్కసారి పడ్డ మెహనత్ లక్షల మందికి రోజూ చేయాల్సిన పనిని తప్పించింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లూ అదే సబక్ నేర్చుకున్నారు. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఒక ప్రోగ్రామర్ ఉదయం పూటంతా తప్పు కోసం వెతికాడు. నిజానికి తప్పు అప్పటికే దిద్దేశాడు, దిద్దిన ఫైల్‌ను మళ్లీ కంపైల్ చేయడమే జరగలేదు. ఆ ఫిర్యాదు విన్న స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే పనిముట్టు రాశాడు. ఏ ఫైల్ మారింది, దాని మీద ఆధారపడినవి ఏవి అని చూసుకుని, అవసరమైనంత వరకే తిరిగి తయారుచేస్తుంది. ఈ రోజు బిల్డ్ టూల్ అనేవాటికి అదే బుజుర్గ్. ఆ పనికి 2003లో ఆయనకు ఏసీఎం అవార్డు దక్కింది.

ఇక వెబ్ టెంప్లేట్లు. 2009లో మస్టాష్, 2010లో యెహుదా కాట్జ్ తెచ్చిన హ్యాండిల్‌బార్స్ బాగా మష్‌హూర్ అయ్యాయి. ఖాళీలను మీసాల్లాంటి బ్రాకెట్లతో గుర్తిస్తారు, అందుకే ఆ పేర్లు. మామూలు పద్ధతిలో టెంప్లేట్ మన ఫోన్‌కు అక్షరాల రూపంలోనే వస్తుంది. ఫోన్ దాన్ని చదవాలి, ముక్కలు చేయాలి, దాని నుంచి ఒక ఫంక్షన్ పుట్టించాలి, ఆ తర్వాతే ఖాళీల్లో సమాచారం నింపాలి. ఈ పని చేసే పూర్తి లైబ్రరీని కూడా ఫోనే దించుకోవాలి. అంటే మెహమాన్ చేతికి రుఖాతో పాటు ఛాపాఖానాను కూడా ఇచ్చినట్టు.

మా బంధువుల్లో కొందరు అరకు శుక్రవారం సంతలో బట్టలు అమ్ముతారు. వాళ్ల కోసం మా భాంజా సంతల రోజులు, బస్సుల వేళలు చూపే చిన్న పేజీ చేశాడు. అనంతగిరి ఘాట్‌లో సిగ్నల్ ఒక మలుపులో వస్తుంది, మరో మలుపులో పోతుంది. దేశంలో 4జీ అందని 24,680 గ్రామాల కోసం 26,316 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్రం 2022లోనే మంజూరు చేసింది. టవర్ ఎప్పుడు వస్తుందన్నది మన చేతుల్లో లేదు. పేజీ బరువు మాత్రం మన చేతుల్లోనే ఉంది.

భాంజా పక్కన కూర్చుని చూశాను. బిల్డ్ టూల్‌గా అతను వాడింది వెబ్‌ప్యాక్. దాని సెట్టింగుల ఫైల్‌లో మూడు మాటలు చెప్పాడు: టెంప్లేట్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి, ఆ రకం ఫైల్ కనబడితే ఏ లోడర్‌కు అప్పగించాలి, తయారైన ఫంక్షన్లను ఎక్కడ పెట్టాలి. ఆ తర్వాత చదవడం, ముక్కలు చేయడం, ఫంక్షన్ పుట్టించడం అన్నీ అతని ల్యాప్‌టాప్‌లోనే, ఒక్కసారే. ఫోన్‌కు వెళ్లేది సిద్ధమైన ఫంక్షన్, దాన్ని నడిపే చిన్న రన్‌టైమ్ మాత్రమే. ఇందులో హిఫాజత్ కూడా ఉంది. అక్షరాల నుంచి అప్పటికప్పుడు కోడ్ పుట్టించడాన్ని కొన్ని సైట్లు మనా చేస్తాయి. అలాంటిచోట కూడా ముందే కంపైల్ చేసినవి నడుస్తాయి.

దీనికీ ఒక కీమత్ ఉంది. టెంప్లేట్‌లో ఒక లఫ్జ్ మార్చినా మళ్లీ బిల్డ్ చేసి ఎక్కించాలి. కంపైల్ చేసిన హ్యాండిల్‌బార్స్ వెర్షన్‌కు, ఫోన్‌లో నడిచే రన్‌టైమ్ వెర్షన్‌కు పొంతన ఉండాలి. లేకపోతే పేజీ బదులు ఎర్రర్ వస్తుంది. రోజూ మారే బస్సు వేళను టెంప్లేట్‌లోనే రాసేయకూడదు, దాని జాగా ఖాళీలోనే. రుఖాలో మెహమాన్ పేరును ఎవరూ అచ్చు వేయించరు కదా.

సిగ్నల్ లేనిచోట ఈ ఉపాయం సిగ్నల్ పుట్టించదు. కానీ వచ్చిన ఆ కాస్త సిగ్నల్ జాయా కాకుండా చూస్తుంది. కాతిబ్ పడ్డ కష్టం అఖ్బార్ చదివేవాడికి తెలియనవసరం లేదు. వెబ్ పేజీ చేసేవాళ్లకూ అదే ఉసూల్: మన గదిలో తేలిపోయే పనిని ఘాట్ రోడ్డు మీద బస్సులో కూర్చున్నవాడి పాత ఫోన్ మీద మోపడం నాఇన్సాఫీ.