బీరువా కాళ్ళ కింద మెత్తదనం

మనం రోజుకి పదిసార్లు తీసి పదిసార్లు మూసే బీరువాకి ఆ పేరెలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? అదేం అచ్చ తెలుగు మాట కాదు. ఫ్రెంచివాళ్ళ 'బ్యూరో' మన నోట్లో పడి బీరువా అయింది. తమాషా ఏమిటంటే, వాళ్ళ భాషలో ఆ మాట మొదట చెక్కనీ చెప్పలేదు, ఇనుమునీ చెప్పలేదు. రాతబల్ల మీద పరిచే ముతక ఉన్నిగుడ్డని చెప్పింది. గుడ్డ పేరు బల్లకొచ్చింది, బల్ల పేరు సొరుగుల పెట్టెకొచ్చింది. హైదరాబాదులో వినబడే 'అల్మారీ' సంగతి వేరు. అది పోర్చుగీసువాళ్ళ 'అర్మారియో'. ఏదైతేనేం, ఉన్నిగుడ్డ పేరు పెట్టుకున్న మన బీరువాకి కాళ్ళ కింద పరిచే ఉన్ని తివాచీతో మాత్రం బొత్తిగా పడదు. ఆ తగువు గురించే నేను చెప్పబోయేది.

మన అమ్మమ్మల కాలంలో ఈ తగువు లేదు. సామాను దాచుకోవడానికి గోడలోనే గూళ్ళుండేవి. పైన అటక ఉండేది. విలువైనవన్నీ భోషాణంలో ఉండేవి. భోషాణం ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. మూత వేసి దానిమీద పక్క పరుచుకుని పడుకున్నవాళ్ళూ ఉన్నారు. గోడలో గూడు ఎక్కడికీ పడదు. భోషాణాన్ని పడదోయాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి. ఇక నేలమీద పరిచేది చాపో, జంపఖానావో. పని అయిపోగానే చుట్టి మూలకి నిలబెట్టేవాళ్ళు.

నవాబుల సంగతీ చూద్దాం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ (1866-1911) ఒకసారి తొడిగిన దుస్తులు మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. పురానీ హవేలీలో ఆయన దుస్తులకోసం కట్టిన అల్మారాల వరస 176 అడుగుల పొడవు, రెండంతస్తుల ఎత్తు. పైకి వెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. అక్కడి నిజాం మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు. నేను అందులో మెచ్చుకునేది దుస్తుల లెక్కని కాదు, వడ్రంగుల తెలివిని. అంత ఎత్తు చెక్కపనిని ఒంటరిగా నిలబెట్టకుండా ఇంటితో కలిపేశారు. ప్రభువు దుస్తులు దాచినా, మన అమ్మమ్మ పప్పు డబ్బా దాచినా, సూత్రం ఒకటే. ఎత్తుగా ఉన్నది గోడని పట్టుకుని ఉండాలి.

ఆ సూత్రాన్ని మనచేత మరిపించింది ఇనుప బీరువా. గోద్రెజ్ వాళ్ళు 1923లో ఉక్కు బీరువాలు మొదలుపెట్టారు. మన ఊరికీ ఈ కథలో వాటా ఉంది. అమీర్‌పేట దాటి కాస్త ముందుకు వెళ్తే సనత్‌నగర్. అక్కడి ఆల్విన్ పేరు మీలో చాలామందికి ఫ్రిజ్ వల్లనో, చేతి గడియారం వల్లనో గుర్తుంటుంది. నిజాం ప్రభుత్వపు నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి 1942లో పెట్టిన ఆ కర్మాగారం ఉక్కు సామాను కూడా చేసింది. 1990లలో అది ముక్కలుగా విడిపోయి కనుమరుగైంది గాని, ఉక్కు సామాను మోజు ఊళ్ళో ఉండిపోయింది. పెళ్ళికి బీరువా పెట్టకపోతే వియ్యపురాలు మూతి ముడిచే రోజులు మనకి తెలియనివా!

ఆ బీరువా షాబాదు బండలమీద నిలబడ్డన్నాళ్ళూ పేచీ రాలేదు. బండ ఎగుడుదిగుడుగా ఉంటే కాలికింద అట్టముక్క మడిచి పెట్టేవాళ్ళం, కుదురుకునేది. తర్వాత అమీర్‌పేటలోనూ పంజగుట్టలోనూ పెంకుటిళ్ళూ బంగళాలూ పోయి అపార్టుమెంట్లు లేచాయి. గదులు చిన్నవయ్యాయి, సామాను పొడుగైంది. నేలమీదికి తివాచీ వచ్చింది, వచ్చినది చుట్టకుండా అక్కడే ఉండిపోయింది. తివాచీలు మనకి కొత్తేం కాదు సుమండీ. ఓరుగల్లు తివాచీలు 1851లోనే లండను మహాప్రదర్శనకి వెళ్ళాయి. వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని అవి మనుషులు కూర్చోవడానికి నేసినవి. బీరువాలు నిలబడడానికి కాదు.

పంజగుట్టలో మా పక్క ఫ్లాటు ఆవిడ ఆమధ్య గది నిండా మెత్తటి తివాచీ పరిపించి, దానిమీద సొరుగుల అల్మారా పెట్టించింది. చూద్దామని వెళ్ళేసరికి మూడేళ్ళ మనవడు కింది సొరుగు లాగి, దానిమీద కాలేసి రెండోది లాగుతున్నాడు. అల్మారా తలవంచి నమస్కారం పెట్టబోతున్నట్టుగా ఉంది. ఇద్దరం చెరోపక్కా పట్టుకున్నాం. వాడు మాత్రం నవ్వుతూ దిగిపోయాడు.

"వదినగారూ, ఇంత బరువుది ఎలా కదిలిందంటారు?" అందావిడ, చేతులు ఇంకా వణుకుతుండగానే.

ఎలా కదిలిందో లెక్క చూద్దాం. మామూలు ఉక్కు బీరువా ఆరున్నర అడుగుల ఎత్తు, అడుగున్నర పైచిలుకు లోతు. వెనక కాళ్ళు ముందు కాళ్ళకన్నా అర అంగుళం ఎత్తున ఉన్నాయనుకోండి. తల దగ్గర అది రెండంగుళాలు ముందుకి వంగుతుంది. గది నిండా తివాచీ వేసినప్పుడు గోడవెంట దాన్ని పట్టి ఉంచే మేకుల పట్టీ ఉంటుంది. వెనక కాళ్ళు దాని మీదికెక్కుతాయి, ముందు కాళ్ళు మెత్తటి దాంట్లో కూరుకుంటాయి. విడి తివాచీ అంచు మడతపడి వెనక కాళ్ళ కింద ఇరుక్కున్నా అంతే. ఇక తలుపులు బార్లా తెరిచినా, సొరుగులు లాగినా బరువు ముందుకొస్తుంది. బరువు వచ్చినకొద్దీ ముందు కాళ్ళు ఇంకా దిగుతాయి. బండ అయితే దిగదు, తివాచీ దిగుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. అమెరికాలో ఇలాంటి సొరుగుల అల్మారాలు మీద పడి పసిపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ మరణాల తర్వాత 2016లో ఐకియా సంస్థ అక్కడ 2 కోట్ల 90 లక్షల అల్మారాలని వెనక్కి తీసుకుంటామని ప్రకటించవలసి వచ్చింది. ఆ సంస్థే 2018 ఆగస్టులో మన దేశంలో తన మొదటి దుకాణాన్ని మన హైదరాబాదులోనే తెరిచింది. బిడ్డలని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి పోరాడితే అమెరికాలో 2022 డిసెంబరులో చట్టం వచ్చింది. దాని ప్రకారం 2023 సెప్టెంబరు నుంచి తయారయ్యే బట్టల అల్మారాలు అమ్మకానికి రావాలంటే పరీక్ష నెగ్గాలి. సొరుగుల్లో బరువు నింపి, తెరిచి చూస్తారు. 27 కిలోల దాకా ఉండే పిల్లలు ఎక్కి లాగితే ఎలా ఉంటుందో చూస్తారు. తివాచీ మీద ఉన్నట్టుగా వెనక కాళ్ళ కింద అర అంగుళానికి కాస్త తక్కువ మందం దిమ్మ పెట్టి కూడా చూస్తారు. మన పక్కింటావిడ అడిగిన ప్రశ్నకే ఆ దేశం చట్టంలో చోటిచ్చింది.

మనం చెయ్యవలసింది పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. బీరువా నిలబెట్టే చోట తివాచీని వెనక్కి మడవండి, లేదా ఆ మేరకి కత్తిరించండి. అది కుదరకపోతే నాలుగు కాళ్ళకీ కలిపి ఒకే గట్టి పలక వేయించండి. తూకం చూసి ముందు కాళ్ళ కింద పల్చటి చెక్క పెట్టి, తల గోడవైపు ఒక్క పిసరు వాలేట్టు చెయ్యండి. పట్టుచీరల మూటలూ వెండిసామానూ కింది అరలోకి, దూది దిండ్లు పై అరలోకి వెళ్ళాలి. అన్నిటికన్నా ముఖ్యం, పైభాగాన్ని ఎల్ పట్టీతో గోడకి బిగించడం. మేకు సున్నంలో ఆగకుండా ఇటుకలోకి దిగాలి. అద్దె ఇల్లయితే ఇంటాయన గోడకి రంధ్రమా అని గునుస్తాడు. గునవనివ్వండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ రంధ్రం పూడ్చడానికి గుప్పెడు సిమెంటు చాలు.

మా పక్కింటావిడ ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించింది. మీరు కూడా ఈ పేజీ మూసి, ఇంట్లో ఉన్న ఎత్తు సామానుని ఒక్కసారి చేత్తో మీవైపు లాగి చూడండి. లాగేటప్పుడు పిల్లల్ని మాత్రం దూరంగా పంపండి.