బహమన్ అంటే మార్చి కాదు



ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. చరిత్రనూ తారీఖ్ అనే అంటాం. రెండింటికీ ఒకే లఫ్జ్ ఎందుకో నాకు మెదక్‌లో మా ఇంట్లో, లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు తెలిసొచ్చింది.

దాదా సందూకులోని పాత కాగితాలకు చెదలు పడుతున్నాయని, వాటి వివరాలు ఎక్సెల్‌లో ఎక్కించడం మొదలుపెట్టాం. నేను ఉర్దూ చదివి చెబుతుంటే నా భాంజీ టైప్ చేసేది. ఒక మాల్‌గుజారీ రసీదు చేతికొచ్చింది. పేరున్న మూలను చెదలు తినేశాయి. సర్వే నంబరు, తారీఖు మాత్రం మిగిలాయి: 5 బహమన్ 55, పక్కన ఫసలీకి గుర్తుగా 'ఫే' అక్షరం. "బహమన్ మూడో నెల బేటా" అన్నాను. తను 5-3-55 అని కొట్టి ఎంటర్ నొక్కింది. గడిలో 05-03-1955 అని పడింది. ఇద్దరం గమనించలేదు.

కాగితాలన్నీ తారీఖుల వరుసలో పెడితే ఆ రసీదు పర్‌దాదా ఇంతెఖాల్ తర్వాతికి వెళ్ళి కూర్చుంది. ఆయన పోయింది 1951లో. అంటే ఆ పొలం దాదా సొంత సంపాదన, దాదా చెల్లెలికి అందులో హిస్సా లేదు. ఇంట్లో అందరం ఎప్పటినుంచో అనుకుంటున్న మాటే కాబట్టి ఎవరికీ షక్ రాలేదు.

షక్ వచ్చింది ఆ 'ఫే' మళ్ళీ కంట పడ్డాకే.

ఫసల్ అంటే పంట. హిజ్రీ సంవత్సరం చాంద్ ప్రకారం నడుస్తుంది, సూర్యమానం కంటే దాదాపు 11 రోజులు చిన్నది. శిస్తు గడువు ఏటా పంటకంటే ముందుకు జరిగిపోతే రైతు ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే అక్బర్ కాలంలో పంటకు కట్టిన ఫసలీ సన్ వచ్చింది. నిజాం సర్కారు దఫ్తర్లు దాన్నే వాడాయి. ఇక్కడ ఏడాది అక్టోబర్ మొదట్లో ఆజర్ నెలతో మొదలయ్యేది, తర్వాత దయ్, ఆ తర్వాత బహమన్. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఈసవీ సన్ వస్తుంది, జనవరి నుంచి 591 కలపాలి. ఇది పాతబడిన ముచ్చట కాదు. మన భూ రెవెన్యూ చట్టం పేరులో ఇవాళ్టికీ 1317 ఫసలీ అనే ఉంది. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫసలీది, అమలైంది 1949 ఆగస్టు 15న.

మా రసీదులో 55 అంటే 1355 ఫసలీ. బహమన్ అంటే డిసెంబర్. 1945 డిసెంబర్! పర్‌దాదా సజీవంగా ఉన్న రోజులు.

యంత్రం అబద్ధమాడలేదు, అడగకుండా అర్థం చెప్పింది. అంకెల మధ్య గీత కనబడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. రెండంకెల సంవత్సరాన్ని 1900లలో వేయాలో 2000లలో వేయాలో తనే తేల్చేస్తుంది. లోపల దాచుకునేది 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకున్న లెక్క మాత్రమే. మా గడిని తర్వాత టెక్స్ట్‌గా మారిస్తే 20153 అని వచ్చింది. మేం కొట్టిన 5-3-55 ఇక లేదు.

కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే ఇంకో ఆఫత్. మెదక్ పట్టణం జిల్లా కేంద్రమైన 11-10-2016 నవంబర్ 10 అయిపోతుంది. 17-9-1948 మాత్రం అక్షరాలుగానే మిగులుతుంది, ఎందుకంటే 17వ నెల లేదు. సగం తారీఖులు మారి, సగం మారకపోతే తప్పు పట్టుకోవడం కష్టం. ఇది మన ఒక్కరి గోస కాదు. మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలు చేస్తోందని సైంటిస్టులు 2020లో ఆ పేర్లే మార్చుకున్నారు.

ఇలాజ్ తేలికే, కాకపోతే టైప్ చేయకముందే చేయాలి. తారీఖు కాలమ్ మొత్తం ఎంచుకుని, కంట్రోల్ 1 నొక్కి, టెక్స్ట్ పెట్టండి. గూగుల్ షీట్స్‌లో ఫార్మాట్, నంబర్, ప్లెయిన్ టెక్స్ట్. ఒక్క గడికైతే ముందు ఒంటి కొటేషన్ గుర్తు చాలు. షీట్స్ సెట్టింగుల్లో లొకేల్ ఇండియా ఉందో లేదో చూడండి. అన్నిటికంటే ముఖ్యం, రెండు ఖానాలు పెట్టండి: ఒకదాంట్లో కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, నెల పేరుతో, సన్ పేరుతో. రెండోదాంట్లో మీరు లెక్కగట్టిన ఈసవీ తారీఖు. మొదటిది అమానత్, దాన్ని ముట్టుకోవద్దు.

హజ్రత్ ఉమర్ (ర) ఖిలాఫత్‌లో ఒక కాగితం మీద షాబాన్ అని మాత్రమే ఉంటే, అది ఏ ఏటి షాబాన్ అన్న సవాల్ వచ్చిందనీ, హిజ్రీ సన్ అలా ఖరారైందనీ రివాయత్. సన్ లేని తారీఖు ఎవరో ఒకరి హక్కు మీదికే వస్తుందని వాళ్ళకు అప్పుడే తెలుసు.

దాదా చెల్లెలు ఇప్పుడు లేరు. ఆమె మనవలు సిద్దిపేటలో ఉన్నారు. అబ్బా ఆ రాత్రి ఇషా తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున ఫోన్ అడిగి తీసుకుని, "మీ నానీ హిస్సా ఒకటి మా దగ్గర ఉండిపోయింది, ఒకసారి రండి" అన్నారు.